అప్పన్న దూడ, మా వీధి కూన

అప్పన్నకి కోడెదూడ మొక్కు సంగతి మీకు నేను చెప్పాలా! మొక్కు తీరితే దూడను తోలుకుని సింహాచలం వెళ్తాం, స్వామికి అప్పజెప్పి కొండ దిగొచ్చేస్తాం. పాలు మరవని ఆ పసిదూడ తర్వాత ఏమైందో ఎప్పుడైనా అడిగామా? గోశాల నుంచి దాన్ని ఓ రైతుకిచ్చారనుకోండి. ఆ రైతు పేరేంటి, ఏ ఊరు, ఏడాది తిరిగాక దూడ ఏ సాలలో ఉంది? ఇవి రాసి ఉంటేనే దానికి దిక్కు. రాత లేకపోతే దారిలోనే కబేళాకి మళ్లినా అడిగేవాడుండడు.

మా వీధిలోనూ ఇలాగే రాసి పెట్టుకోక చిక్కొచ్చింది. కంచరపాలెంలో మా పక్కింటావిడ నిరుడు వానల్లో ఓ కుక్కకూనను నెల్లాళ్లు సాకి, అడిగినవాళ్లకి ఇచ్చేసింది. వారం తిరక్కుండా అది వాళ్ల పిల్లాణ్ణి కరిచింది. పిల్లాడికి సూదులు ఎలాగూ తప్పవు. కూనను పది రోజులు కనిపెట్టి చూడమన్నారు డాక్టరుగారు. అప్పటికే భయపడి దాన్ని ఎక్కడో వదిలేశారు. టీకా వేయించావా అమ్మా అని మా పక్కింటావిడని అడిగితే, ‘వేయించినట్టే గుర్తు’ అంది. ఆ ‘గుర్తు’ అన్న మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదండీ. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక బతకడమన్నది దాదాపు లేదు.

వీధికుక్కల విషయంలో చట్టం ఈ రాతను ఎప్పుడో అడిగింది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలైనా, వాటి స్థానంలో 2023లో వచ్చినవైనా, ఆపరేషన్ అయ్యాక కుక్కను పట్టిన చోటే వదలమంటాయి. ఎక్కడ పట్టారో రాసుకోకపోతే ఎక్కడని వదులుతారు? బీచ్ రోడ్డులో చెవికొస కత్తిరించిన కుక్కలు కనిపిస్తాయి చూడండి, అది ఆపరేషన్ అయిందన్న గుర్తు. కానీ చెవి తేదీ చెప్పదు. మళ్లీ టీకా ఎప్పుడు వేయాలో తెలియాలంటే పుస్తకమే తెరవాలి.

వీధికుక్కను దత్తత తీసుకోవాలంటే మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. ట్యాగ్ వేసి ఇస్తారు. అది మళ్లీ వీధిన పడకుండా చూసుకోవడం తీసుకున్నవారి పూచీ. నాకిది ఎంతో న్యాయంగా తోచింది.

మీ చేతిలో ఇప్పుడో కూన ఉంటే, పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీయండి. అది దొరికిన చోటు, తేదీ, టీకా వేసిన రోజు, తీసుకెళ్లినవారి పేరు, ఫోను నంబరు రాయండి. ఓ ఫొటో అతికించండి. నెల తిరిగాక ఫోన్ చేసి కూన ఎలా ఉందో అడగండి. వాళ్లేం చెప్పారో అదీ ఆ పేజీలోనే రాయండి.