ఎంగె వలిక్కిదు?

చెన్నై సెంట్రల్ ఎదుటి జనరల్ ఆసుపత్రిలో 1871లోనే నర్సుల శిక్షణ మొదలైంది. మా ఇంట్లో నర్సయింది మాత్రం పిన్ని ఒక్కతే. ఆమె పనిచేసేది వేరే ఆసుపత్రిలో. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పగలంతా మేము టీవీ పెట్టేవాళ్ళం కాదు.

గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు "అప్పులు తీరతాయి, వెళ్ళు" అన్నది మేమే. ఆ వారమే నెల్లూరు నుంచి ఒక ముసలమ్మ వార్డుకొచ్చింది. "ఎంగె వలిక్కిదు?" అని ఎందరడిగినా పలకలేదట. పిన్ని "ఎక్కడమ్మా నొప్పి?" అనగానే చెయ్యి పట్టుకుని ఏడ్చేసిందట.

పిన్ని వెళ్ళలేదు. అప్పు తీరడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ మేము ముభావంగానే ఉన్నాం.

ఇప్పుడు మా అమ్మాయి నర్సింగ్ చదువుతానంటోంది. పిన్నినడిగితే ఒకటే చెప్పింది: "వెళ్ళినా తప్పులేదు, ఉన్నా తప్పులేదు. తేల్చుకునేది మాత్రం నువ్వే, ఇంట్లోవాళ్ళు కాదు."

మేమంతా అక్కడే ఉన్నాం.