ముత్తవ్వ అండాకు కుళాయి పెట్టాలా?

మా ముత్తవ్వ చిత్తూరు దిక్కునుంచి బెంగుళూరికి కాపురానికొచ్చినప్పుడు తెచ్చుకున్న ఇత్తడి అండా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నీళ్ళు కాచుకునే అండా. ఇక్కడి కన్నడం వాళ్ళు హండె అంటారు. మూడు నెలలుగా ఇంట్లో దాని గురించే పంచాయితీ. మా తమ్ముడి కొడుకు శ్రీరామనవమికి నురగలొచ్చే పానకం చేస్తానంటాడు. అల్లం, బెల్లం, నిమ్మకాయ వేసి, నాలుగు రోజులు పులియనిచ్చి, సోడాలాగా. (దేవుడికి మామూలు పానకమే, ఇది మనకు.) అది ముత్తవ్వ అండాలోనే చేయాలట, అడుగున ఒక కుళాయి బిగించాలట. "ఇంతకంటే హెరిటేజ్ ఏముంటుంది అత్తా?" అని వాడి వాదన.

ఇది బీరు కాదు. ఇంట్లో లైసెన్సు లేకుండా బీరు కాయడం కర్ణాటక ఎక్సైజు చట్టం ఒప్పదు, ఆ ఊసు మాకొద్దు. కానీ సామాను విషయానికొస్తే రెండింటికీ తేడా లేదు. పులిసే ద్రవం, దాంట్లోంచి పుట్టే గాలి, ఆ రెంటినీ ఆపి ఉంచే గిన్నే కుళాయీ. నేను ముప్పై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ లేబులో పని చేసి రిటైరైనదాన్ని. అందుకే వాడు నన్ను అడిగాడు, నేనూ వద్దన్నాను.

మా అవ్వ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు కాచనిచ్చేది కాదు. మజ్జిగ పోయనిచ్చేది కాదు. "చిలుము దిగుతాది, కడుపులో తిప్పుతాది" అనేది. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. పులుపు తగిలితే ఇత్తడిలోని రాగి, జింకు ద్రవంలోకి దిగుతాయి, వాంతులు చేయిస్తాయి. చారు పొయ్యిమీద ఉండేది అరగంట. ఈ పానకం రాత్రింబవళ్ళు నాలుగు రోజులు అందులోనే ఉంటుంది. మరి కళాయి పూయిస్తే? ఆ తగరపు పూత తోమేకొద్దీ అరుగుతుంది, కుళాయికోసం కన్నం చేసిన అంచు దగ్గర ఇత్తడి మళ్ళీ బయటపడుతుంది. పైగా మా అండాకు అడుగున ఎప్పుడో వేయించిన మాటు ఉంది. పాతకాలపు మాటులో తగరంతోబాటు సీసమూ ఉండేది.

గిన్నె స్టీలుది తీసుకుందామంటే వాడు ఒప్పుకున్నాడు, కుళాయి దగ్గర మళ్ళీ మొదటికొచ్చాడు. చాలామంది చేసేది ఇదే. గిన్నెను తిప్పి తిప్పి చూస్తారు, కుళాయి మాత్రం ఏది దొరికితే అది. మామూలు ఇత్తడి ఫిట్టింగుల్లో, మరమీద సులువుగా చెక్కడానికని, 2 నుంచి 3 శాతం సీసం కలుపుతారు. తాగునీటి ఫిట్టింగుల్లో నీరు తగిలే భాగంలో సగటున 0.25 శాతానికి మించి సీసం ఉండకూడదని అమెరికాలో 2014 నుంచి రూలు. అది కూడా నీళ్ళకు, పులిసిన పానకానికి కాదు. మా ఇంట్లో తాగేవాళ్ళలో ముగ్గురు చిన్నపిల్లలు. సీసం ఎంత తక్కువైనా పిల్లల మెదడుకు మంచిది కాదు.

ఎస్పీ రోడ్డుకు ఇద్దరం కలిసే వెళ్ళాం. అక్కడ తెల్లగా మెరిసేదంతా స్టీలే అంటారు. నికెల్ పూసిన ఇత్తడి కూడా అలాగే మెరుస్తుంది, కాబట్టి మరచుట్టు లోపల గోరంత గీకి చూడండి, పసుపు కనిపిస్తే ఇత్తడే. అయస్కాంతం పెట్టి చూస్తే చాలదా అని వాడు. చాలదు. ఇత్తడికీ అంటదు, 304 స్టీలుకూ దాదాపు అంటదు, చవకరకం 202 స్టీలుకూ అంతే. 304 అని బిల్లుమీద రాయించుకోవడం మేలు.

వాడి కన్ను బాల్ వాల్వుమీద పడింది. చూడ్డానికి బాగుంటుంది, పావు తిప్పు తిప్పితే చాలు. కానీ లోపలి గుండు వెనక సందులో పానకం నిలిచిపోయి కుళ్ళుతుంది. బోల్టులు విప్పితే మూడు ముక్కలయ్యే రకమైతే తీసి కడుక్కోవచ్చు, విప్పలేనిదైతే వద్దేవద్దు. వాషరు సిలికానుది అడగండి. గొట్టాలకు వాడే నల్ల రబ్బరు వాసన పానకానికి పడుతుంది.

ఇంకొకటి. అమెరికాలో ఉండే మా చెల్లెలి కొడుకు, అన్నకని, అరంగుళం కుళాయి ఒకటి పంపించాడు. మంచి సరుకే. అక్కడి మరచుట్టు వేరు, మనది వేరు. అక్కడ ఎన్‌పీటీ, ఇక్కడ బీఎస్‌పీ. అరంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే, అందుకని రెండు మూడు తిప్పులు నిక్షేపంగా ఎక్కుతుంది. మర కోణం ఒకచోట 60 డిగ్రీలు, ఇంకోచోట 55. ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా చివరికి కారుతుంది. ఆ కుళాయి ప్రస్తుతం డ్రాయరులో ఉంది.

బెల్లంనీళ్ళు కాచే గిన్నెకు ప్లాస్టిక్ కుళాయి పెట్టకండి, వేడికి మెత్తబడుతుంది. చల్లారాక పోసి పులియబెట్టే డబ్బాకైతే ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ కుళాయి సరిపోతుంది. ఆ డబ్బా మూతకు గాలిదారి మాత్రం ఉండి తీరాలి. మూతలో సన్నగొట్టం దూర్చి, రెండో కొస నీళ్ళ గ్లాసులో ముంచితే చాలు. లోపలి గాలి బుడగలుగా బయటికొస్తుంది, బయటి ఈగ లోపలికి పోదు. పాత కుక్కరులో పులియబెడతానన్నాడు, విజిల్ ఉంది కదా అని. బెల్లం మడ్డి వెయిటు కింది సన్నరంధ్రాన్ని మూసేస్తే దారి ఉండదు. పక్కన ఉండే సేఫ్టీ వాల్వు బిళ్ళ వేడికి కరిగి తెరుచుకునేది, చల్లటి డబ్బాలో అది కరగదు కదా.

సీసాల్లో నింపాక భయం ఎక్కువ. బెల్లం మిగిలున్నంతకాలం గాలి పుడుతూనే ఉంటుంది. గోలీసోడా సీసా గాజు ఎందుకంత మందంగా ఉంటుందో ఆలోచించండి. జాము సీసాలు, పచ్చడి సీసాలు ఆ ఒత్తిడికి చేసినవి కావు, పగిలితే గాజు కళ్ళలోకే. అన్నీ ప్లాస్టిక్ సోడాసీసాల్లోనే నింపమన్నాను. పొద్దున, సాయంత్రం నొక్కి చూడాలి. రాయిలా గట్టిపడితే వెంటనే ఫ్రిజ్‌లోకి.

మా మరదలు ఫ్రిజ్‌లో ఒక్క అర ఇస్తానంది. వాడు రెండు అడుగుతున్నాడు.