వర్షిచ్ కనుమలో యాభై మలుపులు

స్లొవేనియా పేరు వినగానే మనలో చాలామందికి స్లొవేకియా గుర్తుకు వస్తుంది. ఇందుకు నొచ్చుకోనవసరం లేదు. ఐరోపావాసులు సైతం ఈ రెండు దేశాలను తరచు తారుమారు చేస్తుంటారు. ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల నడుమ ఒదిగి ఉన్న ఈ దేశం 1991 జూన్ 25న యుగోస్లావియా నుండి విడివడి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. వైశాల్యం 20,273 చదరపు కిలోమీటర్లు. అంటే 2022 నాటి విభజనకు పూర్వపు మన అనంతపురం జిల్లా కంటే కొంచెమే పెద్దది. జనాభా సుమారు 21 లక్షలు. ఉదయం ఆల్ప్స్ పర్వతాల నీడలో బయలుదేరినవాడు సాయంకాలానికి ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున కూర్చొని వేయించిన చేపలు తినవచ్చు.

ఇటువంటి దేశాన్ని చూడటానికి మోటారు సైకిలును మించిన వాహనం లేదని నా అభిప్రాయం. కారు అద్దంలోనుంచి కొండలు కనిపిస్తాయి, నిజమే. కానీ కోసి ఆరవేసిన గడ్డి వాసన, దేవదారు అడవిలోకి ప్రవేశించగానే ఒక్కసారిగా ముఖాన్ని తాకే చల్లదనం, వాగు దాటుతున్నప్పటి నీటి హోరు మోటారు సైకిలు మీద వెళ్ళేవాడికే దక్కుతాయి. ఈ దేశానికి ఆ వాహనంతో పాత చుట్టరికం కూడా ఉన్నది. సముద్రతీరాన కోపర్ పట్టణంలో టోమోస్ అనే కర్మాగారం 1954లో వెలిసింది. ఆస్ట్రియాకు చెందిన పుఖ్ సంస్థ అనుమతితో అది తయారుచేసిన మోపెడ్లు యుగోస్లావియా కాలంలో పల్లెపల్లెనా తిరిగాయి. ఆ సంస్థ 2019లో దివాలా తీసింది.

తిరగదగిన దారులు దేశమంతటా ఉన్నాయి. వాటిలో ఒక్కటే ఎంచుకొమ్మంటే నేను 206వ నెంబరు రోడ్డునే ఎంచుకుంటాను. రాజధాని లుబ్లియానాకు వాయవ్యాన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో క్రాన్స్కా గోరా అనే కొండ ఊరు ఉన్నది. శీతాకాలంలో మంచు మీద జారే ఆటలకు అది పేరు పొందింది. అక్కడ మొదలైన రోడ్డు జూలియన్ ఆల్ప్స్ పర్వతాలను ఎక్కి, 1,611 మీటర్ల ఎత్తున వర్షిచ్ కనుమను దాటి, అవతల సోచా నది లోయలోకి దిగుతుంది. బోవెట్స్ పట్టణం చేరేసరికి యాభై కిలోమీటర్లు కూడా పూర్తికావు. ఆ కొద్ది దూరంలోనే యాభై తిరుగుడు మలుపులు! ఎక్కేటప్పుడు 24, దిగేటప్పుడు 26. ప్రతి మలుపు వద్ద దాని వరుస సంఖ్యను, అక్కడి ఎత్తును తెలిపే ఫలకం ఉంటుంది. మన మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్ రోడ్లలో బండి నడిపినవారికి ఇటువంటి మలుపులు కొత్త కావు. కొత్త సంగతి ఏమిటంటే, ఉత్తరపు వైపు మలుపులలో తారుకు బదులు రాళ్ళు పరచి ఉంటాయి. చినుకు పడితే అవి నున్నగా జారతాయి. మలుపులోకి రాకముందే వేగం తగ్గించుకోవాలి. రాళ్ళ మీదికి వచ్చాక బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు. పైగా అక్కడ కుడివైపున నడపాలి. ఎడమవైపు అలవాటైన మనకు తిన్నని దారిలో చిక్కు లేదు గాని, మలుపు తిరిగి బయటపడే క్షణంలో చేయి పాత అలవాటుకే మొగ్గుతుంది.

ఊరు దాటగానే యాస్నా అనే చిన్న సరస్సు, దాని ఒడ్డున బంగారు కొమ్ముల కొండమేక విగ్రహం కనిపిస్తాయి. ఈ మేక పేరు జ్లాతొరోగ్. ట్రిగ్లావ్ శిఖరం మీద నిధికి కాపలా కాసిన ఆ తెల్లని మేకను ఒక వేటగాడు ఆశకొద్దీ కొట్టాడనీ, అది కార్చిన రక్తం నుంచి పూచిన పువ్వులనే తిని అది మళ్ళీ లేచి అతనిని లోయలోకి తోసివేసిందనీ కథ. మరికొంత ఎక్కిన తరువాత ఎదుటి కొండరాతిలో ఒక స్త్రీ ముఖం కనిపిస్తుంది. ఆ వేట జరుగుతుందని ముందే పలికినందుకు తోడబుట్టినవారే ఆమెను శిలగా మారమని శపించారట. జోస్యం చెప్పినవారికి చిక్కులు ఏ దేశంలోనైనా తప్పవు గాబోలు.

ఎనిమిదవ మలుపు వద్ద బండి ఆపవలసిందే. అక్కడినుండి కొద్ది దూరం నడిస్తే చెట్ల నడుమ కొయ్యతో కట్టిన చిన్న ప్రార్థనా మందిరం ఉన్నది. ఈ అందమైన దారి విహారం కోసం వేసినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 మేలో ఇటలీ యుద్ధంలోకి దిగిన తరువాత ఆస్ట్రియా-హంగరీ సైన్యం సోచా లోయలోని తన శిబిరాలకు ఆయుధాలు, తిండి చేరవేయడానికి ఈ రోడ్డు వేయించింది. వేసినవారు తూర్పు రంగంలో పట్టుబడిన రష్యన్ యుద్ధఖైదీలు. దాదాపు పదివేల మందిని ఈ పనికి తెచ్చారు. చలికాలంలో కూడా దారి మూతపడకూడదని వారిచేత మంచు తీయించేవారు. 1916 మార్చిలో కొండ మీదినుంచి మంచుచరియ విరిగి వారి మీద పడింది. ఎందరు చనిపోయారన్నదానికి ఒకే లెక్క లేదు. నూరు మొదలు మూడు వందల దాకా చెబుతారు. కాపలా ఉన్న సైనికులు కొందరు కూడా ఆ మంచు కిందనే పోయారు. మిగిలిన ఖైదీలు తమ తోటివారి జ్ఞాపకార్థం ఈ మందిరాన్ని తమ దేశపు పద్ధతిలో కట్టుకున్నారు. కనుమ మీదికి ఎక్కే దారికి నేడు రష్యన్ రోడ్డు అనే పేరు. ఏటా జూలై చివర ఇక్కడ స్మారక సభ జరుగుతుంది.

ఈ సంగతి తెలిశాక పై మలుపులు వేరుగా కనిపిస్తాయి. మన చక్రాల కింది రాళ్ళు ఎవరి చేతులో పేర్చినవి.

కనుమ మీద గాలి విసురుగా ఉంటుంది. వేసవిలో గొర్రెలు రోడ్డుకు అడ్డంగా పడుకొని కదలవు. దిగుడు మరింత నిటారు కనుక ఇంజనును చిన్న గేరులో ఉంచి దిగాలి. ట్రెంటా లోయలో, 1926లో ఏర్పడిన ఆల్ప్స్ మొక్కల తోట ఒకటి ఉన్నది. అక్కడినుండి సోచా నది తోడుగా వస్తుంది. దాని రంగును వర్ణించడానికి అందరూ పచ్చను, మరకతమణిని తెస్తారు. నాకు మాత్రం నీలం కలిసిన పాలు అనిపిస్తుంది. సున్నపురాయిని కోసుకొని ఇరుకుగా పారే చోట్ల అడుగునున్న గులకరాళ్ళు సైతం లెక్కపెట్టవచ్చు.

ఇదంతా ట్రిగ్లావ్ జాతీయ వనం పరిధిలోనిది. దేశంలో జాతీయ వనం ఇది ఒక్కటే. వేసవి ఆదివారాలలో ఈ కొండల నడుమ వందల ఇంజన్ల మోత ప్రతిధ్వనిస్తుంది. లోయలో కాపురముండే వారికి, కాలినడకన వచ్చేవారికి ఇది పెద్ద బాధ అయింది. వాహనాలకు పరిమితి విధించాలా, సుంకం వసూలు చేయాలా అన్న వాదన అక్కడ చాలాకాలంగా సాగుతున్నది. మోటారు సైకిలు వారు దీనిని తమ మీద పగగా భావిస్తారు. నాకు పల్లెవారి మొర న్యాయంగానే తోస్తుంది. పొగగొట్టం మార్చి చప్పుడు పెంచుకున్న బండికి ఈ లోయలో చోటు లేదు. సామాన్యమైన బండిపై వారం మధ్యలో, తెల్లవారుజామున బయలుదేరితే మనకూ సుఖం, వారికీ సుఖం.

బోవెట్స్‌లో ఉడికించిన బంగాళాదుంపలను జున్నులాంటి పాలవిరుగుడుతో పెడతారు. శాకాహారులకు నిశ్చింత. మరికొంత దూరంలో కోబరిడ్. 1915 జూన్ నుండి 1917 నవంబరు వరకు ఈ నది వెంబడి 12 యుద్ధాలు జరిగాయి. 1917 అక్టోబరు 24న ఇక్కడనే ఇటలీ సైన్యపు వరుస తెగిపోయింది. హెమింగ్వే 1929లో వెలువరించిన నవలలో ఆ పలాయనం చిత్రితమైనది. అయితే ఆయన ఇటలీకి వచ్చినది మరుసటి ఏడాది. ఊళ్ళోని మ్యూజియం 1990లో తెరిచారు. ఒక గంట అక్కడ గడిపితే, దారి పొడవునా చూసిన ప్రశాంతమైన కొండలకు పేర్లు, మరణాలు తగులుకుంటాయి.

తిరుగు ప్రయాణానికి అదే కనుమ ఎక్కనక్కరలేదు. దిగువన మోస్ట్ నా సోచి స్టేషనులో కార్లను, మోటారు సైకిళ్ళను రైలెక్కించి, 1906లో పూర్తయిన ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగం గుండా బోహిన్ వైపు దాటించే ఏర్పాటు ఉన్నది. మార్గం మరమ్మతులలో ఉన్నప్పుడు అది ఆగుతుంది గనుక ముందుగా విచారించుకోవాలి. వర్షిచ్ కనుమ కూడా చలికాలంలో మంచు పడగానే మూసివేస్తారు. మన భారతీయ లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోండి. పట్టపగలు కూడా దీపం వేసి నడపడం అక్కడి నియమం. బోహిన్ వానలకు పెట్టింది పేరు. సొరంగానికి ఇవతల ఎండ కాస్తున్నా, రైలు ఎక్కేముందే వానకోటు సంచిలో పైన ఉంచుకోవడం మంచిది.