110 కిలోమీటర్లు, ఒకటిన్నర రోజు

లాంగ్‌ఇయర్‌బ్యెన్ విమానాశ్రయం నుంచి నీ-ఓలెసున్ రన్‌వేకు గట్టిగా 110 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి నల్గొండ పోయినంత. విమానంలో పాతిక నిమిషాలు. నాకు ఒకటిన్నర రోజు పట్టింది.

రెండూ నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లోనే ఉన్నాయి, 78 డిగ్రీల అక్షాంశం దాటిన చోట. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డన్నది లేదు. వేసవిలో పడవ, చలికాలంలో స్నోమొబైల్, లేదంటే విమానం.

మొదటిరోజు పొద్దున్నే హ్యాంగర్‌కు చేరాం. ఇక్కడ ఎండ కాస్తోంది, అక్కడ ఫ్యోర్డును పొగమంచు కమ్మేసిందట. జూలైలో సూర్యుడు అస్తమించడు. చీకటి పడితేనన్నా ‘ఈ రోజుకు ఇంతే’ అని లేచిపోవచ్చు, ఆ వీలూ లేదు. నాతో వస్తున్న విశాఖ కుర్రాడు హిమానీనదాల మీద పరిశోధన చేస్తున్నాడు. గడియారం చూసుకుంటుంటే నవ్వాడు. “టైమ్ అడక్కండి సార్, మబ్బెంత ఎత్తులో ఉందో అడగండి” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పిలుపొచ్చింది. డార్నియర్ 228, రెండు పంకాల చిన్న విమానం. ఇదే రకాన్ని మన కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ వాళ్లూ తయారుచేస్తారు. గంటకు దాదాపు 400 కిలోమీటర్ల వేగం కనుక ఈ దూరానికి పావుగంట పైచిలుకు చాలు, మిగతా సమయం ఎక్కడానికీ దిగడానికీ. లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు, అందుకే మరీ ఎత్తుకు పోదు. కింద హిమానీనదం చేతికందేలా ఉంది. ఎండాకాలం చెరువు బీటలు వారినట్టే వారింది, కాకపోతే ఈ బీటల్లో నీలం. చక్రాలు ఆనగానే విమానం పొట్ట కింద కంకర గలగలమంది. రన్‌వే తారుది కాదు మరి.

దిగి, అలవాటుకొద్దీ ఫోన్‌లో ఫ్లైట్ మోడ్ తీసేయబోతే కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు. ఇక్కడి రేడియో టెలిస్కోపులు ఎక్కడో సుదూర క్వేజార్ల నుంచి వచ్చే అతి సన్నని సంకేతాలు వింటూ భూభ్రమణాన్ని కొలుస్తాయి. వాటికి అడ్డొస్తాయని చుట్టూ 20 కిలోమీటర్ల మేర వైఫై, బ్లూటూత్ నిషేధం.

ఇది ఒకప్పుడు బొగ్గు గని ఊరు. 1962లో పేలుడు జరిగి 21 మంది పోయారు, మరుసటేడు గని మూతపడింది. ఇప్పుడంతా పరిశోధన కేంద్రాలే. 2008లో తెరిచిన మన ‘హిమాద్రి’ కూడా అందులో ఒకటి. గనివాళ్ల నాటి అలవాటు, గుమ్మంలోనే బూట్లు విప్పాలి. తలుపులకు తాళం వెయ్యరు, ఎలుగుబంటి కనిపిస్తే ఎవరైనా చప్పున దూరిపోవడానికి.

ఊరి చివర ఇనుప స్తంభం ఒకటుంది. 1926లో ధ్రువ అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం ఎక్కిన ‘నోర్గె’ ఎయిర్‌షిప్‌ కోసం నిలబెట్టింది. మే 7న వచ్చిన ఆ ఎయిర్‌షిప్ 11న గానీ లేవలేదు. లేచాక 1,200 కిలోమీటర్ల పైనున్న ఉత్తర ధ్రువాన్ని ఒక్క రోజు తిరక్కుండానే చేరింది.

తిరుగు విమానం గురువారం అన్నారు. ఏ గురువారమని నేను అడగలేదు.