నమ్మకానికి గడువు

తెనాలిలో మూడు దశాబ్దాలు ఆంగ్ల సాహిత్యం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడాయన. 2025 వేసవిలో అమెరికాలో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళారు. ఆమె ఒక పాఠశాల గ్రంథాలయంలో ఉద్యోగిని. కొడుకును ఒంటరిగా పెంచుకుంటున్నది. పన్నెండేళ్ళనాటి పెట్రోలు కారు తరచు మొరాయిస్తున్నది. దాని స్థానంలో ఎవరో కొంతకాలం వాడిన విద్యుత్ కారు కొనాలని రెండేళ్ళుగా పొదుపు చేస్తున్నది.

"ప్రభుత్వం 4,000 డాలర్ల టాక్స్ క్రెడిట్ ఇస్తున్నది నాన్నా!" అన్నదామె ఒక సాయంత్రం.

"క్రెడిట్ అంటే అప్పే కదమ్మా?"

"అప్పు కాదు, జమ. మనం కట్టవలసిన పన్నులో అంత తగ్గిస్తారు."

ఆయన సందేహం తీరలేదు. అసలు పన్నే తక్కువ కట్టే మనిషికి తగ్గించడానికి ఏముంటుంది?

ప్రశ్న సమంజసమైనదే. 2008 నాటి చట్టంతో మొదలైన ఈ సదుపాయం చాలాకాలం కలిగినవారికే పూర్తిగా అందింది. కొత్త విద్యుత్ కారుకు 7,500 డాలర్ల వరకు మినహాయింపు ఉన్నా, 3,000 డాలర్ల పన్ను కట్టే కుటుంబానికి ఆ 3,000 మాత్రమే మిగిలేది. అంతేకాక, ఒక్కొక్క కంపెనీ 2,00,000 కార్లు అమ్మిన తరువాత సదుపాయం క్రమంగా సన్నగిల్లి ఆగిపోయేది. టెస్లా 2018లో ఆ సంఖ్యను చేరుకున్నది. 2020 నాటికి దాని కార్లకు మినహాయింపు పూర్తిగా పోయింది.

2022 ఆగస్టు 16న సంతకమైన చట్టం ఈ నియమాలను తిరగవ్రాసింది. 2023 నుంచి 2,00,000 కార్ల పరిమితి తొలగింది. దానికి బదులు వేరే షరతులు వచ్చాయి. కొత్త కారు ఉత్తర అమెరికాలో తయారు కావాలి. దాని ధరా, కొనేవారి ఆదాయమూ హద్దు మీరరాదు. 2023 ఏప్రిల్ నుంచి 7,500 డాలర్లను రెండుగా విభజించి, సగాన్ని బ్యాటరీలోని ఖనిజాలతోను, సగాన్ని దాని విడిభాగాలతోను ముడిపెట్టారు. వాడిన కారు కొనేవారికి కూడా మొదటిసారిగా సాయం అందింది: 25,000 డాలర్లు మించని కారుకు ధరలో 30 శాతం, హెచ్చుకు 4,000 డాలర్లు. 2024 జనవరి నుంచి ఆ మొత్తాన్ని అమ్మకందారు దగ్గరే ధరలో తగ్గించుకొనే వీలు కలిగింది. కట్టవలసిన పన్ను అంతకంటె తక్కువైనా పూర్తి మొత్తం దక్కేది.

ఆ చివరి మార్పే ఆమెవంటివారికి తలుపు తెరిచింది. గడువు 2032 చివరి వరకు ఉన్నది. మరొక ఏడాది కూడబెడితే అప్పు లేకుండా కారు కొనవచ్చునని ఆమె లెక్క వేసుకున్నది.

2025 జూలై 4న సంతకమైన మరొక చట్టం ఆ లెక్కను తలక్రిందులు చేసింది. సెప్టెంబరు 30 తరువాత కొన్న కార్లకు, కొత్తవైనా వాడినవైనా, సదుపాయం లేదు. ఏడేళ్ళకు పైగా ఉన్న గడువు మూడు నెలలకు కుదించుకుపోయింది.

"నా పెన్షను డబ్బు కొంత ఉన్నదమ్మా, తీసుకో" అన్నారాయన.

ఆమె అంగీకరించలేదు. సెప్టెంబరులో ఒక దుకాణానికి వెళ్ళి కారు చూసి వచ్చింది. అప్పు చేస్తేగాని అది రాదు. "అవసరం కోసం కారు కొంటాను గాని, గడువు కోసం అప్పు చెయ్యను నాన్నా!" అన్నది.

ఖజానా సొమ్ము కారు కొనగలిగినవారికి ఎందుకు పంచాలని అడిగేవారున్నారు. ఆ వాదనను తోసిపుచ్చలేము. రాయితీ ఇవ్వడమూ, మానడమూ ప్రభుత్వాల ఇష్టం. కాని, ఇచ్చిన గడువును నమ్మి జీవితాన్ని దిద్దుకున్న మనిషి మాటేమిటి? మనదేశంలో విద్యుత్ వాహన రుణాల వడ్డీపై 1,50,000 రూపాయల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు 2019లో వచ్చింది. 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే అది వర్తిస్తుందని మొదటనే చట్టంలో వ్రాశారు. ఆ తేదీకే అది ముగిసింది. గడువు చిన్నదైనా, కొనేవాడికి ముందుగా తెలిసినదే.

క్రెడిట్ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం నమ్మడం. పాఠం చెప్పే రోజుల్లో ఆయన ఎన్నోసార్లు చెప్పిన విషయమే. తెలుగులో పరపతి అనే మాట ఉన్నది. అప్పు పుట్టించే శక్తీ, పదిమందిలో మాట చెల్లే గౌరవమూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. పరపతి మనుషులకే కాదు, ప్రభుత్వాలకూ ఉంటుంది. అదీ ఖర్చయిపోతుంది.

అక్టోబరులో ఆమె పాత కారుకు మరమ్మతు చేయించింది. నెలనెలా పొదుపు మాత్రం మానలేదు. వంటింటి గోడమీది కాగితంలో "ప్రభుత్వం: 4,000" అన్న పంక్తిని కొట్టివేసి, మొత్తాన్ని మళ్ళీ కూడి వ్రాసుకున్నది.