చోడి కేకులో అర స్పూన్ దాల్చిన చెక్క



"టీచర్, రోజూ పొద్దున్నే ఒక స్పూన్ దాల్చిన చెక్క పొడి తేనెలో కలిపి పెడితే పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందట కదా?" అని మొన్న మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు. నాకు వెంటనే మా నాన్న గుర్తొచ్చారు.

మాది శ్రీముఖలింగం. మా ఇంట్లో దాల్చిన చెక్క అంటే ఆదివారం కోడికూరలో వేసే రెండు ముక్కలు, అంతే. రెండేళ్ళ కిందట నాన్న ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. దాల్చిన చెక్క నీళ్ళు తాగితే షుగర్ పోతుందని. ఆ రోజు నుంచి గ్లాసుడు వేణ్ణీళ్ళలో పెద్ద స్పూన్ పొడి. మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను, బీఈడీ చదివినదాన్నై ఉండి! సంక్రాంతికి ఇంటికి వెళ్ళి చూస్తే మాత్రల పట్టీ అలాగే ఉంది. "చెక్క తాగుతున్నాను కదమ్మా, మళ్ళీ మాత్రలెందుకు?" అన్నారు. శ్రీకాకుళం తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే పరగడుపున 240. "కూరలో వేసుకోండి, ఎవరు వద్దన్నారు? మందు మాత్రం మానకండి" అన్నారు డాక్టరు గారు.

తరవాత కూర్చుని చదివాను. దాల్చిన చెక్కతో షుగర్ కాస్త తగ్గిందని కొన్ని పరిశోధనలు, ఏమీ తేడా లేదని మరికొన్ని. మాత్రకు బదులు మాత్రం కాదు. ఇంకో సంగతి, చెక్కలో రెండు రకాలున్నాయి. శ్రీలంక చెక్క పల్చటి పొరలు పొరలుగా చుట్టుకుని, చేత్తో నలిపితే విరిగిపోతుంది. కేసియా ఒకటే మందపు బెరడు, గట్టిగా ఉంటుంది, చవక కూడా. కేసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ ఎక్కువగా తింటే కొందరికి కాలేయం దెబ్బతినవచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్కలో రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే 20 కిలోల పిల్లకి 2 మిల్లీగ్రాములు. ఒక్క టీస్పూన్ కేసియా పొడిలోనే అంతకు మించి ఉండవచ్చు. పొడి చేశాక ఏది ఏదో కంటికి తెలియదు కాబట్టి చెక్కే కొని ఇంట్లో దంచుకోండి. పొడి పొడిగా మాత్రం పిల్లల నోట్లో వేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

జ్ఞాపకశక్తికి పనిచేస్తుందని గట్టి రుజువు నాకెక్కడా కనిపించలేదు. ఆ అమ్మగారికీ అదే చెప్పాను.

అలాగని డబ్బా అటక మీద పెట్టేయనక్కర్లేదు. నేను చోడిపిండి కేకు చేస్తాను. కప్పు చోడిపిండి, అర కప్పు గోధుమపిండి, ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు మాగిన అరటిపళ్ళు, అర కప్పు పెరుగు, కొంచెం నూనె, స్పూన్ బేకింగ్ పౌడర్, అర స్పూన్ దాల్చిన చెక్క పొడి. కుక్కర్‌లో ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, సన్నని మంట మీద ముప్పావు గంట. ఆ వాసనకి పక్కింటి పిల్లలు కూడా వచ్చేస్తారు. టిఫిన్ బాక్సులో మర్నాటికీ మెత్తగానే ఉంటుంది.

బెల్లమైనా షుగర్ పెంచేదే. అందుకని నాన్నకు సన్నటి ముక్కే. అదీ అమ్మ మాత్రల పట్టీ చూసి, ఆ రోజు మాత్ర వేసుకున్నారని నమ్మకం కుదిరాకే కోసి ఇస్తుంది.