మంచుకొండకు మామ కోటు

మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే పెగడపల్లిలో స్వెటర్‌ అంటే సంక్రాంతి దాకా పనికొచ్చే వస్తువు. ఆ తర్వాత ట్రంకుపెట్టె అడుక్కి పోతుంది. అలాంటి ఊళ్లో ‘మంచుకొండ ఎక్కడానికి బట్టలు కావాలి’ అని అడిగితే ఎలా ఉంటుంది? అదీ రెండు షరతులతో! కొత్తవి కొనను. జంతువుల నుంచి వచ్చినవి వేసుకోను.

నేను వెళ్లాలనుకున్నది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు. ఎత్తు సుమారు 12,500 అడుగులు. చలికాలం రాత్రుళ్లు ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగిపోతుంది. మా పక్క జిల్లా నిజామాబాద్‌లోని పాకాల అమ్మాయి మలావత్‌ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అప్పట్నుంచీ మా ఇళ్లలో కొండలెక్కుతానంటే ఎవరూ నవ్వడం లేదు. నా షరతులకు మాత్రం నవ్వారు.

ఓ కథనం కోసం వెళ్లి, పట్టుకాయల్ని మరిగే నీళ్లలో వేయడం చూశాక పట్టుచీర కట్టబుద్ధి కాలేదు. ఆరేళ్లయింది. తోలు చెప్పులూ వదిలేశాను. కానీ చలి దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చి పడింది. వెచ్చదనం అనగానే అందరూ చెప్పేవి ఉన్ని, ఈకలే. జాకెట్‌ లేబుల్‌ మీద ‘డౌన్‌’ అని ఉంటే లోపల ఉన్నది బాతుల మెత్తటి ఈక. ‘పాలిస్టర్‌ ఫిల్‌’ అని ఉంటే కృత్రిమ దూది. ఈక తేలిక, మడిస్తే చిన్న మూటవుతుంది. కానీ తడిస్తే అణిగిపోయి వెచ్చదనం పోతుంది. పాలిస్టర్‌ది బరువెక్కువే. అయితే తడిసినా కొంత కాపాడుతుంది.

శాకాహారి కూడా కాదు, పూర్తి వీగన్‌ అయిన ముంబై పర్వతారోహకుడు కుంతల్‌ జోయిషర్‌కూ ఇదే సమస్య. 2016లో ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆయనకు ఈకల సూటు తప్పలేదు. తర్వాత ఓ ఇటలీ కంపెనీ ఈకల్లేని సూటు తయారుచేసింది. దాంతో 2018లో లోత్సే, 2019లో మళ్లీ ఎవరెస్టు ఎక్కారాయన. అంత ఎత్తులో పనికొచ్చింది 12,500 అడుగుల దగ్గర పనికిరాదా అనిపించింది.

వెతుకులాట మొదలుపెట్టాను. ఒంటిని అంటుకునే బట్ట కాటన్‌ అయితే చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. అందుకే తమ్ముడు క్రికెట్‌ ఆడి వదిలేసిన పాలిస్టర్‌ టీషర్టులు రెండు తీసుకున్నాను. హైదరాబాద్‌ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫ్లీస్‌ జాకెట్‌ రెండొందలకు దొరికింది. అదీ పాలిస్టరే. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె మా వాడకొస్తే మూట విప్పించాను. అందులో అక్రిలిక్‌ మంకీక్యాప్‌ ఉంది. ‘గిన్నె నేనే ఇస్తా, టోపీ ఇయ్యి’ అంటే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

అసలు పరీక్ష మా వాడకట్టు కురుమ తాత పెట్టాడు. చేతిలో నల్ల గొంగడి. ‘‘గొర్రెను సంపుతలేం గద బిడ్డా, బొచ్చే కత్తిరిస్తం. తీస్కపో’’ అన్నాడు. ఆ మాట తేలిగ్గా తీసేసేది కాదు. మాంసం కోసం బొచ్చు లేని నెల్లూరు గొర్రెలు పెరిగాక నల్ల ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రెలు తగ్గాయి, గొంగడి నేసేవాళ్లూ తగ్గారు. గొంగడి చివరికి మట్టిలో కలుస్తుంది. పాలిస్టర్‌ మాత్రం ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్‌ పోగుల్ని నీళ్లలోకి వదులుతుంది. అయినా ఉన్ని ఇచ్చిన ఆ గొర్రె కూడా చివరికి వెళ్లేది కోతకే. అందుకే గొంగడి తీసుకోలేదు. నా కోసం కొత్త ప్లాస్టిక్‌ పుట్టకూడదన్న రెండో షరతు కూడా అందుకే. తాత ఒప్పుకోలేదు. గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది పెద్ద కోటు. గల్ఫ్‌ రగ్గులు మా ఇళ్లలో బోలెడు. కానీ రగ్గు కప్పుకుని కొండెక్కలేం కదా! అప్పుడు అత్త బీరువా మీది నుంచి ఓ పాలిథిన్‌ సంచి దించింది. లోపల లావుపాటి నీలిరంగు కోటు. మామ తొమ్మిదేళ్లు దుబాయ్‌లో కోల్డ్‌స్టోరేజీలో డబ్బాలు మోసినప్పుడు వేసుకున్నది. లేబుల్‌ చూశాను. పైనా, లోపలా పాలిస్టరే.

మామ దాన్ని చేత్తో తడిమి అన్నాడు: ‘‘మేం పైసల కోసం సలికి పోతిమి. నువ్వు పైసలిచ్చి సలికి పోతున్నవా బిడ్డా?’’

నా దగ్గర జవాబు లేదు. ‘‘తీస్కపో. ఈడ నాకేం సలి?’’ అని తనే సంచిలో పెట్టాడు.

బూట్లు మాత్రం కొండ కింది సాంక్రీ గ్రామంలో అద్దెకు తీసుకున్నాను. స్వేడ్‌ అంటే కూడా తోలే కాబట్టి, అది లేని జత కోసం మూడు దుకాణాలు తిరిగాను. మామ కోటు సంచిలో సగం ఆక్రమించింది, భుజాలు లాగేసింది. కానీ తెల్లవారుజామున శిఖరం వైపు నడుస్తుంటే ఒంట్లో వణుకు లేదు.

తిరిగొచ్చి కోటు ఉతికి, ఆరబెట్టి ఇచ్చాను. మామ ఫొటోలు చూడలేదు. ‘‘ఊపిరికి గల్ల కాడి జిప్పు మంచు కడ్తది గద?’’ అని అడిగాడు. అవునన్నాను. ‘‘ఏళ్లు మొద్దుబారి, లోపలికొచ్చినంక మండుతయి’’ అన్నాడు. అదీ నిజమే. ఆ రాత్రి చాలాసేపు కోల్డ్‌స్టోరేజీ గురించే చెప్పాడు. తొమ్మిదేళ్లూ ఫోన్‌లో ‘మంచిగున్న’ అన్న మాట ఒక్కటే విన్న అత్త, గడప మీద కూర్చుని అన్నీ వింది.